బీపీ పై నంబరు 130 దాటగానే మాత్ర మొదలుపెట్టాలా, 140 దాకా ఆగొచ్చా?

వాన_చినుకు:
నాకు 44 ఏళ్లు. షుగర్ లేదు, సిగరెట్ అలవాటు లేదు. ఆఫీసులో అందరికీ ఆరోగ్య పరీక్షలు చేసినప్పుడు నా బీపీ 138/88 వచ్చింది. ఒక డాక్టరు "ఇది బీపీయే, మాత్ర మొదలుపెడదాం" అన్నారు. ఇంకొకరిని అడిగితే "140/90 దాటలేదుగా, కొన్నాళ్లు చూద్దాం" అన్నారు. ఒకే నంబరుకి ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఎవరి మాట వినాలి? తలనొప్పి, కళ్లు తిరగడం లాంటివేమీ నాకు లేవు. మాత్ర ఒకసారి మొదలుపెడితే ఇక జీవితాంతం వదలదంటారు, ఆ టెన్షన్ కూడా ఉంది.

నిలకడ:
మొదలుపెట్టమనే నేనంటాను. ముందుగా ఒక మాట, లక్షణాలు లేవన్న ధైర్యం పక్కన పెట్టేయండి. ప్రపంచంలో 30 నుంచి 79 ఏళ్ల మధ్య వాళ్లలో సుమారు 128 కోట్ల మందికి హైబీపీ ఉందని, అందులో 46 శాతం మందికి ఆ సంగతే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో లెక్క చెప్పింది. నొప్పి పుట్టే జబ్బయితే ఇంతమందికి తెలియకుండా ఉంటుందా? అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ని 1944లో గుండె డాక్టరు పరీక్షిస్తే బీపీ 186/108 ఉంది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మెదడులో రక్తస్రావమై పోయారు. అప్పట్లో సరైన మందులే లేవు. ఆ తర్వాత 1967లో అక్కడే 143 మంది మాజీ సైనికుల మీద చేసిన పరిశోధన ఫలితం వచ్చింది. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 27 మందికి స్ట్రోక్, గుండె వైఫల్యం లాంటి పెద్ద ప్రమాదాలు ముంచుకొచ్చాయి. అసలు మందు వేసుకున్నవాళ్లలో ఇద్దరికే. మందు ప్రాణం నిలబెడుతుందని తేలిపోయాక ఇంకా ఎందుకు ఆగాలి?

పొదుపు_మాట:
నిలకడ గారూ, మీరు చెప్పినవి నిజాలే కానీ ఈ కేసుకి అతకవు. ఆ 143 మందికి కింది నంబరే 115 నుంచి 129 మధ్య ఉండేది. 138/88 ఉన్న మనిషికి ఆ భయం చూపించడం న్యాయం కాదండీ.

ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు ఎందుకన్నారంటే, ఇద్దరూ చూసే మార్గదర్శకాలు వేరు కావచ్చు. 130/80 అనే గీత 2017లో అమెరికా గుండె సంఘాలు గీసింది. దాంతో అక్కడ పెద్దవాళ్లలో బీపీ ఉన్నవాళ్ల వాటా 32 శాతం నుంచి 46 శాతానికి ఎగబాకింది. ఎవరి ఒంట్లోనూ ఏమీ మారలేదు, మారింది గీత ఒక్కటే. యూరప్ వాళ్లు 2018లోనూ, 2024లోనూ 140/90నే ఉంచారు. 2024లో దాని కింద "కాస్త పెరిగిన బీపీ" అని ఇంకో మెట్టు మాత్రం చేర్చారు. మందు మొదలుపెట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు కూడా మామూలు మనిషికి 140/90యే.

130 వైపు ఉన్నవాళ్లకి పెద్ద బలం 2015లో వచ్చిన స్ప్రింట్ అధ్యయనం. అందులో 9,361 మంది. సగం మందికి పై నంబరు 120 లోపు, మిగతా సగానికి 140 లోపు లక్ష్యం. అందరూ 50 దాటినవాళ్లు, గుండెజబ్బు ముప్పు ఎక్కువున్నవాళ్లు. 44 ఏళ్లకి, వేరే జబ్బులేవీ లేని మనిషికి ఆ ఫలితం ఎలా అంటగడతారు? పైగా గుండెపోటు, స్ట్రోక్ లాంటివి ఏడాదికి 2.19 శాతం నుంచి 1.65 శాతానికి తగ్గాయి. మంచిదే, కాదనను. కానీ గట్టిగా తగ్గించిన గుంపులో బీపీ మరీ పడిపోవడం, స్పృహ తప్పడం, కిడ్నీ దెబ్బతినడం ఎక్కువగా కనిపించాయి. ఆ రెండో సగం కూడా చెప్పాలి కదా.

నిలకడ:
ఏడాదికి అర శాతం అంటే చిన్నగానే వినిపిస్తుంది. అదే గుంపులో మొత్తం మరణాలు 27 శాతం తగ్గాయి, అదీ చెప్పండి మరి. ఇంకోటి, 2002లో దాదాపు పది లక్షల మంది వివరాలు కలిపి చూశారు. 40 నుంచి 69 ఏళ్ల వాళ్లలో 115/75 మొదలుకొని పై నంబరు ప్రతి 20 పెరిగేసరికి గుండెజబ్బుతో, స్ట్రోక్‌తో పోయే ముప్పు రెట్టింపు అవుతోంది. 140 దగ్గర ఒక్కసారిగా మొదలయ్యే ప్రమాదం కాదిది. 44 ఏళ్ల మనిషి ముందు ఇంకా 30, 40 ఏళ్లున్నాయి. అన్నేళ్లూ రక్తనాళాల మీద ఆ ఒత్తిడి పడుతూనే ఉంటుంది.

వార్డు_నర్సు:
మీ ఇద్దరి వాదనా చదివాను. నా బాధ వేరే. ఆ 138 అసలు ఎలా చూశారో ఎవరూ అడగలేదే?

వాన_చినుకు గారూ, గుర్తు చేసుకుని చెప్పండి. వీపు ఆనించి, పాదాలు నేలకి ఆన్చి, కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసుకోకుండా ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నారా? చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉందా? పట్టీ చొక్కా మీద కట్టారా, చర్మం మీదా? మీ చేతికి సరిపోయే సైజేనా? మూత్రం ఆపుకుని ఉన్నారా? లావు చేతికి చిన్న పట్టీ కట్టినా, చెయ్యి కిందికి వేలాడేసినా, కొలుస్తుండగా మాట్లాడినా నంబరు పైకే పోతుంది. స్ప్రింట్‌లో మనిషిని ప్రశాంతంగా కూర్చోబెట్టి, మెషీన్‌తో మళ్లీ మళ్లీ కొలిచి సగటు తీశారు. అలా వచ్చిన 130, హడావుడిలో వచ్చిన 138 ఒకటి కావు.

వాన_చినుకు:
మెట్లెక్కి వచ్చి వరసలో నిలబడ్డాను. చొక్కా మీదే కట్టారు. కొలుస్తూనే వయసెంత, ఏ విభాగం అని అడుగుతున్నారు, నేను జవాబులు చెబుతున్నాను.

వార్డు_నర్సు:
అయితే ఆ నంబరు మీద ఏ నిర్ణయమూ వద్దు. అలాగని కొట్టిపారేయనూ వద్దు. కొందరికి ఆసుపత్రిలో నార్మల్ వచ్చి ఇంట్లో ఎక్కువ ఉంటుంది, దాన్ని ఎవరూ కనిపెట్టరు. పై చేతికి కట్టే మెషీన్ తీసుకోండి, మణికట్టుది వద్దు. వారం రోజులు, పొద్దున మాత్రలూ కాఫీలూ ఏవీ పడకముందు ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి. ఒక్కో పూట నిమిషం తేడాతో రెండుసార్లు. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. నచ్చని నంబరుని కొట్టేయకుండా వచ్చింది వచ్చినట్టు రాయండి. ఆసుపత్రి 140/90కి ఇంటి లెక్కలో 135/85 సమానం.

ఈలోగా 180/120 దాటి, దానికి తోడు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం లాంటివి ఏది కనిపించినా ఈ చర్చ చూస్తూ కూర్చోకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

పొదుపు_మాట:
ఇది బాగుంది. ఒళ్లు నొప్పులకని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి తరచూ వేసుకుంటున్నారా? ముక్కు దిబ్బడ తగ్గించే కొన్ని మాత్రలూ బీపీ పెంచుతాయి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుందని ఇంట్లో వాళ్లెవరైనా అంటే డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా, తిండిలో కనిపించకుండా ఉండే ఉప్పంతా కలిపి.

తెల్లవారుజాము:
నేను మాత్ర వేసుకునే మనిషిని. "వదలదు" అనే భయం గురించే చెబుతాను. అది మత్తుమందులా అలవాటయ్యేది కాదండీ. వేసుకున్నంత కాలం బీపీ తగ్గిస్తుంది, మానేస్తే చాలామందికి మళ్లీ పెరుగుతుంది, అంతే. బరువు బాగా తగ్గాక డాక్టరే డోసు తగ్గించినవాళ్లు ఉన్నారు. ఆమ్లోడిపిన్‌తో నాకు పాదాలు వాచాయి. చెబితే వేరేది రాశారు, వాపు పోయింది. కొన్ని రకాలతో పొడిదగ్గు వస్తుంది, దానికీ బదులు ఉంది. సొంతంగా మాత్రం ఆపకండి. బీటా బ్లాకర్లు, క్లోనిడిన్ లాంటి బీపీ మందులు ఒక్కసారిగా ఆపేస్తే బీపీ ఎగిసిపడే ప్రమాదం ఉంది.

నిలకడ:
కొలత మళ్లీ చూడాలన్న మాటకి నేనూ ఒప్పుకుంటాను. నా భయమల్లా "చూద్దాం" అన్న మాట మీదే. ఏళ్లు గడిచిపోతాయి, ఎవరూ చూడరు. అమెరికా వాళ్లు కూడా ముప్పు తక్కువున్నవాళ్లకి 130లలో ఉంటే వెంటనే మాత్ర ఇవ్వమనలేదు, మూడు నుంచి ఆరు నెలలు ఉప్పు, బరువు, నడక, మద్యం మీద శ్రద్ధ పెట్టమన్నారు. అప్పటికీ దిగకపోతే మందు మొదలుపెట్టమని 2025లో తేల్చి చెప్పారు. కాబట్టి ఆగాలంటే ఆగండి, కానీ మళ్లీ డాక్టరుని కలిసే తేదీ ఇప్పుడే ఖాయం చేసుకోండి.

పొదుపు_మాట:
తేదీ పెట్టుకోవడం మంచిదే. ఇంటి సగటు 132/82 వచ్చి, ఆరు నెలల తర్వాతా అలాగే ఉంటే మాత్రం మన పేచీ మళ్లీ మొదలవుతుంది. అప్పుడు కూడా నేను ఆగమనే అంటాను.

నిలకడ:
నేను వేసుకోమనే అంటాను. అందుకే వాన_చినుకు గారూ, ఆ వారం రీడింగులతో పాటు కొలెస్ట్రాల్, షుగర్, కిడ్నీల సంగతి తెలిపే క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు కూడా చేయించుకుని వెళ్లండి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిందేమో కనుక్కోండి. మా ఇద్దరిలో ఎవరి మాట మీకు సరిపడుతుందో ఆ కాగితాలు చూసి డాక్టరు చెప్పగలరు.

వాన_చినుకు:
మా నాన్నగారికి 51 ఏళ్లకే స్ట్రోక్ వచ్చింది. ఇద్దరు డాక్టర్లూ ఆ సంగతి అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు. ఈసారి ముందు అదే చెబుతాను.