పైచెవి కుట్టించుకోవాలి: హెలిక్సా, ట్రాగసా, కాంచా?

హన్మకొండ_పిల్ల:
చెవి తమ్మెలకు చిన్నప్పుడే కుట్టించారు, ఇప్పుడు పైన ఇంకోటి కుట్టించుకోవాలని ఉంది. ఇన్‌స్టాలో చూస్తే హెలిక్స్, రూక్, డెయిత్ అని ఏవేవో పేర్లు, ఏది ఎక్కడుంటదో కూడా తెలుస్తలేదు. అమ్మేమో బంగారం దుకాణంలో గన్‌తో టక్కున కొడతారు పోదాం పా అంటోంది. రోజూ కాజీపేట దాకా స్కూటీ మీద పోతాను, హెల్మెట్ తప్పదు. ఏది మేలు?

బావిలీల_మనవరాలు:
హెలిక్స్ అంటే చెవి పైఅంచు. మన నానమ్మలు బావిలీలు పెట్టుకున్నది ఇంచుమించు అక్కడే, ఇంట్లో ఒప్పించడానికి అదే సులువు :) అదే అంచు ముఖం వైపుకు దిగే చోట కుట్టిస్తే ఫార్వర్డ్ హెలిక్స్. చప్పుడు ఎక్కువైతే వేలితో నొక్కి చెవి మూసుకుంటామే, ఆ చిన్న మిట్ట ట్రాగస్. కాంచ్ చెవి మధ్యలో గిన్నెలా ఉండే గుంట. చెవి రంధ్రానికి కాస్త పైన లోపలికి పోయే మడత డెయిత్, దాని మీది గట్టు రూక్, ఈ రెండూ అందరి చెవులకూ కుదరవు, మడత సరిగ్గా లేకపోతే పని తెలిసిన పియర్సరే వద్దంటారు. డెయిత్‌తో మైగ్రేన్ పోతుందంటే నమ్మకు, గట్టి ఆధారం లేదు. రెండు రంధ్రాలకు ఒకటే కడ్డీ వేసే ఇండస్ట్రియల్ మొదటిసారికి అసలే వద్దు.

ఈఎన్‌టీ_వార్డు:
ఏది కుట్టించుకున్నా సరే గానీ గన్ మాత్రం వద్దు చెల్లె. తమ్మెకు రక్తం బాగా అందుతుంది, 6-8 వారాల్లో మానుతుంది. పైన ఉన్న మెత్తటి ఎముకకు సొంత రక్తనాళాలు ఉండవు, దాని మీది పల్చటి పొర నుంచే అన్నీ అందాలి, అందుకే మానడానికి 6 నెలల నుంచి ఏడాది పడుతుంది. గన్ మొద్దు పోగును బలంగా దూరుస్తుంది, ఎముక నలుగుతుంది, అక్కడ సూడోమోనాస్ లాంటి క్రిమి చేరి చీము పడితే ఎముకే కరిగి చెవి ముడుచుకుపోవచ్చు. ఒక్కసారి వాడి పారేసే బోలు సూదితో చేసేవాళ్ల దగ్గరికే వెళ్లు. పోగు ఇంప్లాంట్ గ్రేడ్ (ఒంట్లో అమర్చడానికి వాడే రకం) టైటానియం అయితే మంచిది, లేదంటే నికెల్ లేని 14 క్యారెట్లో ఆపైనో బంగారం. పైచెవి ఎర్రబడి వేడిగా ఉండి నొప్పి పెరుగుతుంటే మెడికల్ షాపు మాత్రలతో సరిపెట్టకుండా అదే రోజు డాక్టరుకు చూపించు.

స్కూటీ_అక్క:
హెల్మెట్ ఉంటే హెలిక్స్ నరకమే, తీసేటప్పుడల్లా లోపలి స్పాంజికి తట్టుకుంటుంది, పైగా చున్నీ, దువ్వెన. కాంచ్ లోపలికి ఉంటుంది కాబట్టి నాకైతే అదే నయమనిపించింది, ఇయర్‌ఫోన్స్ మాత్రం బంద్. ట్రాగస్‌కూ అంతే. ఏ పక్కకు తిరిగి పడుకుంటావో చూసుకుని రెండో చెవికి కుట్టించుకో.

హన్మకొండ_పిల్ల:
సరే అక్కా, కాంచే. పసుపు, కొబ్బరినూనె రాయొచ్చా?

ఈఎన్‌టీ_వార్డు:
రెండూ వద్దు. 0.9 శాతం సెలైన్‌తో రోజుకు ఒకటి రెండుసార్లు తడిపి పొడిగా ఒత్తు, పోగు తిప్పకు. వాపు కోసం మొదట పొడుగు పోగు వేస్తారు, వాపు తగ్గాక మళ్లీ వెళ్లి పొట్టిది వేయించుకో.