ఐనోడ్ మార్చాక పాత ఫైళ్లు చెత్తగా వస్తున్నాయి, సాయం చేయండి

అమలాపురం విద్యార్థి:
నమస్కారం అండీ. ఫైనలియర్ ప్రాజెక్టుకి, పాఠాల కోసం రాసిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్స్‌వీ6 చూసి సొంతంగా చిన్న ఫైల్‌సిస్టమ్ రాశాను. బ్లాక్ 1024 బైట్లు, ఐనోడ్ (ఫైల్ వివరాలు, దాని బ్లాకులు ఎక్కడున్నాయో రాసుకునే చోటు) 64 బైట్లు, అందులో 12 డైరెక్ట్ పాయింటర్లు, 1 ఇండైరెక్ట్ (256 బ్లాక్ నంబర్లున్న పట్టికని చూపేది), అంటే ఫైల్ 268 కేబీ దాటదు. మా కొబ్బరితోట ఫొటోలు ఒక్కోటీ 3 ఎంబీ ఉన్నాయి, డెమోలో అవే పెడదామని డైరెక్ట్ 11కి తగ్గించి ఒక డబుల్ ఇండైరెక్ట్ (పట్టికల పట్టికని చూపేది) పెట్టాను. కొత్త ఫైళ్లు బాగానే ఉన్నాయి. పాతవాటిలో మొదటి 11 కేబీ దాటాక అంతా చెత్త. ఎల్లుండే రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

భీమవరం నుంచి:
తమ్ముడూ, ముందు డిస్క్ ఇమేజ్‌కి కాపీ తీసి పెట్టుకో, పాత ఫైల్ ఒక్కటి కూడా డిలీట్ చేయకు. 12వ పాయింటర్ పాత లెక్కలో డేటాని చూపిస్తుంది, నీ కొత్త కోడేమో ఆ డేటానే పాయింటర్ల పట్టిక అనుకుంటోంది. పొలం తూముని మ్యాపులో పిల్లకాలువ అని రాసేస్తే లస్కరు చేలో దిగి తూముల కోసం వెతుక్కున్నట్టు. చదివితే చెత్త వస్తుంది, అంతే. డిలీట్ చేస్తే మాత్రం ఆ చెత్త అంకెలనే బ్లాక్ నంబర్లనుకుని ఫ్రీ చేసేస్తుంది, వేరే ఫైళ్లు కూడా పోతాయి.

కాకినాడ నుంచి:
పైన చెప్పింది నిజం. ఐనోడ్‌లో మేజర్, మైనర్ ఫీల్డులు డివైస్ ఫైళ్లకే కదా పనికొచ్చేది, మామూలు ఫైళ్లలో సున్నాలే ఉంటాయి. కొత్త పద్ధతిలో పుట్టే ఫైల్‌కి మేజర్‌లో 1 రాసి, బ్లాక్ వెతికేటప్పుడూ ఫైల్ చెరిపేటప్పుడూ దాన్ని చూసి దారి ఎంచుకో. 64 బైట్లు అలాగే ఉంటాయి, బ్లాక్‌కి 16 ఐనోడ్ల లెక్క చెడదు. లైనక్స్ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ2లో పెద్ద ఫైళ్లకి చేసిందీ ఇలాంటిదే, సైజుకి 32 బిట్లు చాలక డైరెక్టరీల కోసం ఉంచిన ఫీల్డుని మామూలు ఫైళ్లలో సైజు పై సగానికి వాడుకున్నారు, మొత్తం డిస్క్ వివరాలుండే సూపర్‌బ్లాక్‌లో గుర్తు కూడా పెట్టారు, ఆ గుర్తు తెలియని పాత కెర్నల్ డిస్క్‌ని చదవడానికి తప్ప రాయడానికి మౌంట్ చేయదు (తెరవదు). దాని తర్వాతి తరం ఈఎక్స్‌టీ4లో ఎక్స్‌టెంట్లకి (వరస బ్లాకుల్ని మొదలు, పొడవులతో రాసుకునే పద్ధతి) ఐనోడ్‌కొక ఫ్లాగ్ ఉంది, అందుకే పాత తరహా ఫైళ్లూ కొత్తవీ ఒకే డిస్క్‌లో ఉండగలుగుతున్నాయి. నువ్వూ సూపర్‌బ్లాక్‌లో వెర్షన్ నంబర్ పెట్టు, బద్ధకించకు.

అమలాపురం విద్యార్థి:
చేశానండీ, పాతవన్నీ తెరుచుకుంటున్నాయి! గుర్తు లేకుండా నిన్న రాసిన ఫొటోల్ని మళ్లీ కాపీ చేసుకున్నాను. సరిగ్గా 3072 బ్లాకుల ఫైల్ రాసి చెరిపితే 11 బ్లాకులు వెనక్కి రాలేదు, చూస్తే రెండో అంచె పట్టికల్ని ఫ్రీ చేయడం మర్చిపోయాను. అదీ సరిచేశాను, ఇప్పుడు లెక్క కలిసింది. ఇద్దరికీ చాలా థాంక్స్ అన్నా.