తామర మళ్ళీ మళ్ళీ వస్తోంది, ఎవరికైనా పూర్తిగా పోయిందా?

గోదావరి గట్టు:
మార్చిలో లుంగీ ముడి పడే చోట రూపాయి బిళ్ళంత మచ్చ. ఇప్పుడు తొడల దాకా పాకింది. షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజుల్లో దురద పోతుంది, ఆపిన వారానికి రెట్టింపై వస్తుంది. ఏడు ట్యూబులు అయ్యాయి. ఈ మధ్య డాక్టరు ఇట్రాకొనజోల్ రాశారు, ఇరవై రోజులుగా మింగుతున్నా కదలిక లేదు. మూడు ప్రశ్నలు. మాత్రలు ఎన్నాళ్ళు వాడాలి? ఇంటిల్లిపాది బట్టలూ విడిగా ఉతకాలా? మా తొమ్మిదేళ్ళ అబ్బాయి వేళ్ళ మీద పులిపిర్లు లేచాయి, అవీ నా నుంచి అంటినవేనా?

నిమ్మతోట:
ఏడేనా! నేను పదకొండు వాడాను. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్ అని ఉందేమో చూడండి. అది స్టెరాయిడ్. దురదను అణుస్తుంది, లోపల తామర తెచ్చే బూజును (ఫంగస్) మేపుతుంది. నా తొడల మీద చర్మం పలచబడి, కాన్పయిన వాళ్ళ పొట్ట మీద ఉండే చారల్లాంటివి పడ్డాయి. తామర ఎలాగో పోయింది. చారలు మూడేళ్ళయినా అలాగే ఉన్నాయి.

మందులకొట్టు 26 ఏళ్ళు:
ఇక అందరూ షాపువాళ్ళ మీద పడతారు. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు చాలావాటిని 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ మాట చెబితే "పక్క షాపులో ఇస్తారులే" అని మెట్లు దిగేది ఎవరు? స్టెరాయిడ్ కలపని, బూజు మందు ఒక్కటే ఉన్న ట్యూబు చేతిలో పెడితే "ఇది పనిచేయదు, మొన్నటిదే ఇవ్వండి" అని పేరు పెట్టి అడుగుతారు. ఇరవై ఆరేళ్ళలో నేను చూసినంత తామర చర్మవైద్యులు కూడా చూసి ఉండరు.

నిమ్మతోట:
ఆ ఇరవై ఆరేళ్ళలో చీటీ ఎన్నేళ్ళు అడిగారు?

మందులకొట్టు 26 ఏళ్ళు:
ఈమధ్యనే అడుగుతున్నాను. దాచను.

వరిమడి:
మా అమ్మకు నాట్ల కాలం రాగానే కాలివేళ్ళ సందులు నాని తెల్లగా పాచిపోయేవి. తుడిచి ఆరబెట్టి పసుపు, కొబ్బరినూనె రాసేది. తామరకు మెట్టతామర ఆకు నూరి పట్టించేవాళ్ళం, దానికి ఆ పేరు ఊరికే రాలేదు. నాన్నకు వీపు మీద అక్కి లేచినప్పుడు కుమ్మరి తాత జాజుతో (ఎర్రమట్టితో) పొక్కుల మీద సింహం బొమ్మ రాశాడు. పదో రోజుకు పొక్కులు ఎండిపోయాయి. ఒక్క మాత్ర వేయలేదు.

ల్యాబు కిటికీ:
రాయకపోయినా ఎండేవి. అక్కి పొక్కులు రెండు నుంచి నాలుగు వారాల్లో వాటంతట అవే మానతాయి, పేరు సింహానికి దక్కుతుంది. అది చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరసే, నరంలో నక్కి ఉండి ముసలితనంలో లేస్తుంది. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు ఎసైక్లోవిర్ లాంటి మందు మొదలుపెడితే మేలు. కుమ్మరి ఇంటి చుట్టూ తిరిగే లోపు ఆ మూడు రోజులు కాస్తా పోతాయి.

వరిమడి:
మీరు ల్యాబులో కూర్చుని నవ్వుతారు. నాన్న రెండు రాత్రులు చొక్కా తగిలితే ఓర్చుకోలేకపోయాడు. జాజు పూసిన రాత్రి నిద్రపోయాడు. ఆ చల్లదనం మీ మాత్ర ఇస్తుందా?

రెండిళ్ళ కోడలు:
మా అత్తగారికి నడుము మీద అక్కి వస్తే, అది చుట్టూ పాకి తల, తోక కలిస్తే ప్రాణం పోతుందన్నారు. పాపం, గంటకోసారి జానతో కొలుచుకునేది. నాతోనూ కొలిపించేది.

ల్యాబు కిటికీ:
కలవదండీ. అది నరం వెంట పాకుతుంది, ఆ నరం ఒంటికి ఒక పక్కే ఉంటుంది. ఇంకో మాట, ఆ పొక్కులు పచ్చిగా ఉన్నప్పుడు ఆటలమ్మ ఇంతవరకూ రాని పిల్లలను, గర్భిణులను దగ్గరికి రానివ్వకూడదు.

డల్లాస్ నుంచి:
50 దాటిన వాళ్ళకు అక్కి రాకుండా టీకా ఉంది, రెండు డోసులు. ఇండియాలోనూ 2023 నుంచి దొరుకుతోంది. అమ్మకూ నాన్నకూ వేయించాను. ఇంకా సింహాలు, జాజు ఏమిటండీ?

రెండిళ్ళ కోడలు:
దాని ధర కూడా చెప్పండి బాబూ, మేమూ డాలర్లలో లెక్కవేసుకుంటాము.

నిమ్మతోట:
నవ్వులాట కాదు. మా మేనత్తకు నుదుటి నుంచి కంటి మీదికి దిగింది. రాయించారు. నాలుగో రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళితే "ఇన్నాళ్ళు ఏం చేశారు" అని కేకలేశారు. ఆ కన్ను ఇప్పటికీ మసకే. వరిమడి గారూ, దీనికి మీ తాత ఏమంటాడు?

వరిమడి:
ముఖం మీద వస్తే తాత రాయడు, ఆస్పత్రికి పొమ్మంటాడు. మీ మేనత్తకు రాసినవాడికి పని రాదు.

నిమ్మతోట:
అంతేలెండి, చెడితే రాసినవాడికి పని రాదు, మానితే సింహం మహిమ!

గోదావరి గట్టు:
అయ్యా, నేను అడిగింది తామర గురించి.

ల్యాబు కిటికీ:
క్షమించండి. మచ్చ అంచున పొట్టు గీకి సూక్ష్మదర్శినిలో చూస్తారు, చిన్న పరీక్ష, ముందు అది చేయించండి. ఇప్పుడు మన దేశంలో మొండి రకం ఒకటి తిరుగుతోంది. 2020లో జపాన్ పరిశోధకులు భారతీయ, నేపాలీ రోగుల నమూనాల్లో గుర్తించి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. తామరకు మామూలుగా ఇచ్చే టెర్బినాఫిన్‌కు తరచుగా లొంగదు. ఇంతకీ మీ ఇట్రాకొనజోల్ గొట్టం మాత్రలు ఎప్పుడు వేసుకుంటున్నారు?

గోదావరి గట్టు:
పొద్దున్నే పరగడుపున, గ్యాస్ మాత్రతో కలిపి.

మందులకొట్టు 26 ఏళ్ళు:
దొరికింది! ఆ గొట్టంలోని మందు ఒంటికి పట్టాలంటే కడుపులో పులుపు ఉండాలి. గ్యాస్ మాత్ర ఆ పులుపునే చంపుతుంది. గొట్టం నిండు భోజనం తరువాత వేసుకోవాలి. గ్యాస్ మాత్ర మానాలా, వేళ మార్చాలా అన్నది మీ డాక్టరు చెప్పాలి, ఇంకేం మందులు వాడుతున్నారో కూడా ఆయనకు చెప్పండి. పూతమందు మచ్చ మీదే కాదు, అంచు దాటి రెండు సెంటీమీటర్లు రాయండి, మచ్చ మాయమయ్యాక కూడా కనీసం రెండు వారాలు. బట్టలు వేడినీళ్ళలో ఉతికి తిరగేసి ఎండలో వేయండి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే అందరికీ ఒకేసారి వైద్యం జరగాలి, లేకపోతే మీ దగ్గర పోయింది వాళ్ళ దగ్గర్నుంచి తిరిగొస్తుంది.

గోదావరి గట్టు:
చీటీ రాసిన డాక్టరు గానీ, మందిచ్చిన షాపులో గానీ ఈ ముక్క చెప్పలేదు. మా ఆవిడకూ మొదలైంది, నా తువ్వాలే వాడుతోంది. మరి అబ్బాయి పులిపిర్లు?

శంఖుపూలు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా తమ్ముడి మెడ మీద తెల్లటి మచ్చలు, పొట్టు రాలుతోంది. పెళ్ళివాళ్ళు బొల్లి అంటున్నారు.

ల్యాబు కిటికీ:
పొట్టు రాలుతుంటే శోభి కావచ్చు, అదీ బూజే. బొల్లి మచ్చకు పొట్టు రాలదు. చర్మవైద్యుడికి చూపించి ఆ మాట రాయించుకుని పెళ్ళివాళ్ళకు చూపించండి. మందు వాడినా రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది, కంగారు పడవద్దు.

మందులకొట్టు 26 ఏళ్ళు:
పులిపిర్లు వైరస్ పని, మీ తామరకూ వాటికీ చుట్టరికం లేదు. పిల్లల్లో చాలావరకు రెండేళ్ళలో వాటంతట అవే పోతాయి. తొందరపడి సున్నం, సోడా కలిపి మాత్రం పెట్టకండి. మా వాడికి నేనే పెట్టాను, వేలు కాలి మచ్చ మిగిలింది.

వరిమడి:
గుర్రపు వెంట్రుక కట్టండి, వారంలో ఊడి పడతాయి.

గోదావరి గట్టు:
ఈ గట్టు మీద గుర్రాన్ని ఎక్కడని వెతకనండీ?