చర్చ: అకాడమీలో తొలి వారాలు ఎలా గడిచాయి?

గుంటూరు బాబాయి:
మా అన్నయ్య కుమారుడు ఎస్‌ఎస్‌బీ (సైన్యాధికారుల ఎంపిక ఇంటర్వ్యూ) గట్టెక్కి, వైద్య పరీక్షలు కూడా పూర్తిచేసుకుని, అక్టోబరులో చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో చేరబోతున్నాడు. శిక్షణ 49 వారాలని తెలుసు. మా ఇంట సైన్యానికి వెళ్లినవారెవరూ లేరు కాబట్టి, తొలి రోజుల సంగతులు అనుభవజ్ఞులు చెబితే వాడికి చదివి వినిపిస్తాను.

పలాస వాస్తవ్యుడు:
నేను ఆ అకాడమీ ఉన్న పరంగిమలైలో అడుగుపెట్టేనాటికి నా హిందీ అంతంతమాత్రం. డ్రిల్లులో ఉస్తాద్ (కవాతు నేర్పే శిక్షకుడు) ‘దాహినే ముడ్’ (కుడివైపు తిరుగు) అనగానే పక్కవాడిని చూసి తిరిగేవాడిని. ఆ అరక్షణం ఆలస్యం ఆయన కంటబడేది, ఇక శిక్షగా ఫ్రంట్ రోల్స్ (ముందుకు పిల్లిమొగ్గలు) మొదలయ్యేవి. ఆ డ్రిల్ మైదానం మేజర్ రామస్వామి పరమేశ్వరన్ పేరు మీద ఉంది. 1972లో అక్కడే కమిషన్ పొంది అధికారి అయిన ఆయన, 1987 నవంబరు 25న శ్రీలంకలో పోరాడుతూ ప్రాణాలర్పించారు, మరణానంతరం పరమవీరచక్ర పొందారు. ఆ సంగతి తెలిశాక అక్కడ భుజాలు వాల్చి నిలబడటానికి మనసొప్పేది కాదు.

రెండో వారానికల్లా నా మడమలు రెండూ పొక్కిపోయాయి. నా గదిలో ఉన్న మలయాళీ మిత్రుడు సూదిని కాల్చి, దారం ఎక్కించి, పొక్కులో ఒక పక్క నుంచి మరో పక్కకు దూర్చి, దారాన్ని లోపలే ఉంచి కొసలు కత్తిరించాడు. రాత్రంతా నీరు దారం వెంట కారిపోయి తెల్లవారేసరికి చర్మం అణిగింది. మా ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. ఆ రాత్రి అతని బూట్లకు కూడా నేనే పాలిష్ పట్టాను.

మెదక్ ఆడపడుచు:
ఆ అకాడమీ 1992 నుంచి మహిళలకు కూడా శిక్షణ ఇస్తోంది. నన్ను ఏడిపించింది మాత్రం తాడు. చేతుల బలంతోనే ఎక్కాలనుకుని సగంలోనే జారిపోయేదాన్ని, అరచేతులు చీరుకుపోయేవి. తాడును రెండు బూట్ల మధ్య బిగించి, కాళ్లమీద లేచి, ఆ తరువాతే చేతులు పైకి మార్చాలని ఒక సీనియర్ అక్క ఓపికగా నేర్పింది. అబ్బాయికి ఇది ఇప్పుడే నేర్పించండి.

కోరుకొండ పూర్వ విద్యార్థి:
నాది వేరే అకాడమీ. సైనిక పాఠశాలలో చదివినవాడినన్న ధీమాతో మోకాలి కింద ఎముక నొప్పిని మూడు వారాలు దాచిపెట్టాను. చివరికి ఎముక చిట్లిందని తేలింది, ఒక టర్మ్ వెనకబడ్డాను. నాతో చేరినవాళ్లు కవాతు చేస్తూ, శిక్షణ ముగిసినట్టు గుర్తుగా దాటే ‘అంతిమ్ పగ్’ (చివరి అడుగు) గీత దాటుతుంటే పక్కన నిలబడి చూశాను. ఆరు నెలల తరువాత అమ్మ వచ్చి నా భుజానికి నక్షత్రాలు తొడిగింది కానీ, ఆ ఉదయం మాత్రం నేటికీ మరపురాదు. నొప్పి ఉంటే మొదటి రోజే చెప్పమనండి.

గుంటూరు బాబాయి:
అందరికీ కృతజ్ఞతలు. బూట్లు ముందే కొనిపెట్టమంటారా?

పలాస వాస్తవ్యుడు:
తప్పకుండా. చేరడానికి రెండు నెలల ముందే కొని, మందపాటి మేజోళ్లతో రోజూ గంటసేపు నడిపించండి. ఒక సూది, దారపు ఉండ కూడా పెట్టెలో వేయండి.