షూబర్ట్ చివరి సొనాటా (డి. 960): మొదటి మూవ్‌మెంట్‌లో రిపీట్ వాయించాలా, వదిలేయాలా?

తంబురశ్రుతి:
ఆస్ట్రియా సంగీతకర్త ఫ్రాంజ్ షూబర్ట్ 1828 నవంబరు 19న, 31 ఏళ్ల వయసులో వియన్నాలో మరణించాడు. అంతకు రెండు నెలల లోపే పూర్తి చేసిన మూడు పియానో సొనాటాలలో (అంటే కొన్ని మూవ్‌మెంట్లుగా, విడివిడి విభాగాలుగా సాగే పెద్ద రచనలలో) చివరిది, బి ఫ్లాట్ మేజర్ శ్రుతిలో ఉన్న డి. 960 (షూబర్ట్ రచనల జాబితాలో దాని సంఖ్య). నెల రోజులుగా దాన్ని రెండు రికార్డింగులలో మార్చి మార్చి వింటున్నాను. పియానిస్టు స్వియతొస్లావ్ రిఖ్టర్ వాయించినదాంట్లో మొదటి మూవ్‌మెంట్ ఒక్కటే 24 నిమిషాలు దాటుతోంది. మరో పియానిస్టు ఆల్ఫ్రెడ్ బ్రెండెల్ దాన్నే 15 నిమిషాల చుట్టుపక్కల ముగిస్తున్నాడు. రిఖ్టర్ కాలప్రమాణం బాగా విలంబమన్నది నిజమే గానీ, ఇంత తేడా దానివల్ల మాత్రమే రాలేదని స్కోరు దగ్గర పెట్టుకొని విన్న తర్వాత తెలిసింది. ఎక్స్‌పొజిషన్ అనే మొదటి భాగం చివర షూబర్ట్ రిపీట్ గుర్తు పెట్టాడు. రిఖ్టర్ వెనక్కి వెళ్లి ఆ భాగమంతా మళ్లీ వాయించాడు, బ్రెండెల్ నేరుగా ముందుకు సాగిపోయాడు. రచయిత పెట్టిన గుర్తును పక్కన పెట్టే అధికారం వాయించేవారికి ఉందా? పక్కన పెడితే వినేవారికి పోయేదేమిటి? పియానోలో చేయి తిరిగినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

నల్లమెట్టు:
పోయేదేమిటో లెక్కపెట్టి చెప్పవచ్చు: తొమ్మిది బార్లు (స్కోరులో నిలువు గీతల మధ్య ఉండే గళ్లు). సాధారణంగా సొనాటాలలో రిపీట్ అంటే గీతల పక్కన రెండు చుక్కలు, మహా అయితే ఒకటి రెండు బార్ల సర్దుబాటు. ఇక్కడ షూబర్ట్ మనల్ని వెనక్కి తీసుకెళ్లడానికి ప్రత్యేకంగా తొమ్మిది బార్ల ఫస్ట్ ఎండింగ్ (మొదటిసారి మాత్రమే వాయించే ముగింపు) రాశాడు. రిపీట్ వదిలేస్తే ఆ సంగీతం మరెక్కడా వినబడదు.

దాని విలువ తెలియాలంటే ముందు ఎనిమిదో బార్ దగ్గర ఆగాలి. అప్పటిదాకా రెండు చేతులూ కీల మీద నుంచి లేచీ లేవకుండా, పక్క గదిలో ఎవరో తమకోసం తాము పాడుకుంటున్నట్టు, పియానిస్సిమోలో (అతి మెల్లగా) సాగిన పాట అక్కడ నిలుస్తుంది. ఆ నిలిచినచోట ఎడమ చేయి అట్టడుగు జి ఫ్లాట్ స్వరం మీద ట్రిల్ (రెండు పక్క స్వరాలను వేగంగా మార్చి మార్చి పలికించడం) వాయించాలి, అదీ పియానిస్సిమోలోనే. అంత కింద తీగలు లావుగా ఉంటాయి కనుక వేళ్లు కాస్త బరువుగా పడితే స్వరాలు కలిసిపోయి గురగురమంటాయి, మరీ తేలికగా పడితే ఒకటి పలికి రెండోది పలకదు. కీని పూర్తిగా పైకి రానివ్వకుండా సగం దారిలోనే మళ్లీ నొక్కడం అలవాటు కావడానికి నాకు వారాలు పట్టింది. ట్రిల్ అయిపోగానే నిశ్శబ్దం, ఆ తర్వాత ఏమీ జరగనట్టే మళ్లీ అదే పాట.

ఆ ట్రిల్ మూవ్‌మెంట్ పొడవునా వస్తూనే ఉంటుంది, ఆఖరి బార్లలో కూడా వస్తుంది, ఎప్పుడు వచ్చినా లోగొంతుకతోనే వస్తుంది. అది ఫోర్టిస్సిమోలో (అతి బిగ్గరగా) బద్దలయ్యేది ఒక్క ఫస్ట్ ఎండింగ్‌లోనే. ఆ ఒక్క చోటును తీసేసి, మిగిలినదాన్ని షూబర్ట్ సొనాటా అని వినిపించడం నాకు మనస్కరించదు.

పాతరికార్డు:
నల్లమెట్టు గారు సరిగ్గా ఏ తొమ్మిది బార్ల కోసం రిపీట్ వాయించమంటున్నారో, వాటి కోసమే వద్దనేవారిలో నేనొకణ్ణి. బ్రెండెల్ బద్ధకించి వదిలేసినవాడు కాడు. వ్యాసం రాసి, ఆక్షేపించినవారికి పత్రికలో జవాబిచ్చి మరీ వదిలేశాడు. ఆ బార్లలోని తెగిపడే నడక, ఉన్నట్టుండి వచ్చే ఆవేశం ఈ మూవ్‌మెంట్ స్వభావానికి పొసగవన్నది ఆయన అభిప్రాయం, నాదీ అదే.

సెకండ్ ఎండింగ్ (వెనక్కి వెళ్లకుండా ముందుకు సాగే ముగింపు) గుండా వెళ్లినప్పుడు ఏం జరుగుతుందో వినండి. ఎఫ్ మేజర్‌లో కుదుటపడబోతున్న సంగీతం, గొంతు పెంచకుండానే, కాళ్ల కింద నేల జరిగినట్టు సి షార్ప్ మైనర్‌లోకి జారుతుంది. తర్వాతి మూవ్‌మెంట్ మొదలయ్యేది ఆ శ్రుతిలోనే కదా! అంతకు కొద్ది నిమిషాల ముందే ఒకసారి కేక వినిపించి ఉంటే ఈ జారుడుకు సగం బలం పోతుంది.

ఇక గుర్తే శాసనమన్న వాదన నిలవదు. మొజార్ట్ కె. 545 సొనాటా మొదటి మూవ్‌మెంట్‌లో రెండో సగానికి కూడా రిపీట్ గుర్తు ఉంది. దాన్ని కచేరీలో వాయించకపోతే ఎవరూ నొచ్చుకోరు. ఒక రచనను జీవితంలో ఒకటి రెండుసార్లకు మించి వినే వీలు లేని రోజుల్లో ఇవి మర్యాదలు. మనం కోరుకుంటే ఉదయం, సాయంత్రం వినగలం.

వెనకవరుస:
మూడు చివరి సొనాటాలనూ ఒకే సాయంత్రం వాయించిన కచేరీకి నేను విదేశంలో వెళ్లాను. ఆయన అన్ని రిపీట్లూ వాయించారు. సంగీతం గొప్పగా ఉంది. ఆఖరి బస్సు మాత్రం వెళ్లిపోయింది. ఈ కోణాన్ని కూడా మిత్రులు పరిగణించాలని మనవి.

నల్లమెట్టు:
మొజార్ట్ విషయంలో పాతరికార్డు గారితో ఏకీభవిస్తాను, రెండో సగం రిపీట్లు నేనూ వాయించను. అయితే మర్యాద కోసమే గుర్తు పెట్టారన్న మాట 1828కి అతకదు. అప్పటికి ఇరవై ఏళ్లు దాటి ముందే బీథోవెన్ తన ఓపస్ 57 సొనాటా మొదటి మూవ్‌మెంట్‌లో ఎక్స్‌పొజిషన్ రిపీట్‌ను ఎత్తేసి, చివరి మూవ్‌మెంట్‌లో రెండో భాగాన్ని మళ్లీ వాయించమన్నాడు. అంటే రిపీట్ అప్పటికే రచయిత ఆలోచించి ఉంచే, తీసే వస్తువు. అదే బీథోవెన్ ఎరోయికా సింఫనీ మొదటి మూవ్‌మెంట్‌లో రిపీట్ పెడితే మరీ పొడవవుతుందని మొదట అనుకున్నాడనీ, పలుమార్లు విన్న తర్వాత వాయించకపోవడమే నష్టమన్న నిర్ణయానికి వచ్చాడనీ ఆయన తమ్ముడు కార్ల్ 1805లో ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. వినడం వల్ల మారిన అభిప్రాయం కనుకనే నాకది విలువైనది.

షూబర్ట్ అలవాటు కొద్దీ గుర్తు పెట్టి ఉంటే రెండు చుక్కలతో సరిపెట్టేవాడు. మర్యాద కోసం ఎవరూ తొమ్మిది బార్లు కూర్చరు. అవి మిగతా సంగీతానికి పొసగవంటున్నారు. పొసగని ఆ బార్లను రాసింది కూడా ఆయనే.

తంబురశ్రుతి:
కర్ణాటక సంగీతం విని పెరిగిన చెవితో మొదట నాకు పల్లవి గుర్తొచ్చింది. చరణం తర్వాత పల్లవికి తిరిగి రావడం మనకు వింత కాదు. కానీ పోలిక ఎంతో దూరం పోలేదు: మన పల్లవి ఒక్కో సంగతికీ పెరుగుతుంది, ఇక్కడ వందకు పైగా బార్లు ఒక్క స్వరం మారకుండా తిరిగి వస్తాయి. మారవలసింది వినేవాడే అన్నమాట.

పియానిస్టు గ్లెన్ గూల్డ్ ఇదే సొనాటాను 1957లో మాస్కోలో రిఖ్టర్ వాయించగా విన్నాడు. వచ్చిందే మళ్లీ వచ్చే షూబర్ట్ రచనలను కుదురుగా కూర్చుని వినలేనని స్వయంగా చెప్పుకున్న మనిషి, ఆ గంటసేపూ తాను వశీకరణకు లోనైనట్టు ఉండిపోయానన్నాడు. నాకు అంతటి అనుభవం కలగలేదు. మొన్న రాత్రి మాత్రం ఫస్ట్ ఎండింగ్‌లో ట్రిల్ బద్దలై, వెంటనే మళ్లీ ఆ మెల్లని పాట మొదలై, ఎనిమిదో బార్ వచ్చినప్పుడు, రిఖ్టర్ ఈసారి ట్రిల్‌ను ఇంకా చిన్నగా వాయించాడా, లేక నా చెవే అంతకుముందు విన్నదాన్ని తలుచుకొని ముడుచుకుందా అని తేల్చుకోలేక మూడుసార్లు వెనక్కి తిప్పాను.

పాతరికార్డు:
అదే నా ఫిర్యాదు, తంబురశ్రుతి గారూ. ఆ ట్రిల్ ఎందుకు వచ్చిందో తెలియకపోవడం నాకు మొదటిసారి నుంచి చివరి బార్ దాకా కావాలి; ఫోర్టిస్సిమో దాన్ని విప్పి చెప్పేస్తుంది. నా అభిప్రాయం మారలేదు. అయినా కచేరీలో పియానిస్టు రిపీట్ వాయిస్తారని ముందే తెలిస్తే, ఎక్స్‌పొజిషన్ ముగింపుకొస్తుండగా కుర్చీ అంచుకు జరిగి కూర్చుంటానని కూడా చెప్పాలి.