బెంగళూరులో కనీస వేతనం పెంచాలా, వద్దా?

బొమ్మనహళ్లి వదిన:
2025 ఏప్రిల్‌లో కర్ణాటక ప్రభుత్వం ఇచ్చిన కనీస వేతనాల ముసాయిదా చూశారా? బెంగళూరులో హెల్పర్ పనికి కూడా నెలకు 23,376 రూపాయలు ఇవ్వాలని ప్రతిపాదించారు. హొసూరు రోడ్డు గార్మెంట్స్‌లో మిషన్ మీద కూర్చునే మన చిత్తూరు, హిందూపురం ఆడవాళ్లకి అప్పటికి వస్తున్నది అందులో సగం పైచిలుకే. అందులోంచే పీఎఫ్‌కి 12 శాతం పోవాలి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ పనికెళ్లినా, అద్దె, పిల్లల ఫీజు కట్టేసరికి చీటీకి డబ్బు మిగలడం లేదు. పెంచి తీరాలి.

పీణ్యా జాబ్‌వర్క్:
నాది చిన్న యూనిట్ అమ్మా. ఒక్కో పీస్ కుట్టినందుకు ఇచ్చే రేటు (పీస్ రేటు) పెంచమంటే ఆర్డర్లిచ్చే పైవాళ్లు వినరు. ఒక్కసారిగా ఇంత పెంచితే పెద్ద కంపెనీలు ఆంధ్రా వైపు పోతాయి, మాలాంటివాళ్లం షట్టర్ దించేస్తాం. ఉన్న జీతం కూడా పోతే ఆ కుటుంబాల గతేంటి?

లేబర్ లెక్క:
అన్నా, ఆ అంకె గాల్లోంచి రాలేదు. 1957లో 15వ భారత కార్మిక సదస్సు ఒక సూత్రం పెట్టింది. ఒకరి సంపాదన మీద బతికే కుటుంబాన్ని మూడు యూనిట్లుగా (ఒక పెద్ద మనిషి తిండి ఒక యూనిట్) లెక్కేసి, ఒక్కో యూనిట్‌కి రోజుకు 2,700 కేలరీల తిండి, ఇంటికి ఏడాదికి 72 గజాల బట్ట, ఆపైన అద్దె, వంటచెరకు, దీపం ఖర్చు. పిల్లల చదువు, వైద్యం వగైరాలకు ఇంకో 25 శాతం కలపాలని రెప్టకాస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఇది కడుపు నిండడానికి వేసిన లెక్కే. ఇందులో విలాసం ఎక్కడుంది?

యూనిట్లు మూతపడతాయన్న మాట 2020లోనూ విన్నాం. నెలకు 417 రూపాయల డీఏ, అంటే ధరల పెరుగుదలకు తగ్గట్టు ఇచ్చే కరువు భత్యం, అప్పుడు ప్రభుత్వం వాయిదా వేసింది. హైకోర్టు ఇవ్వమన్నాక కూడా చాలామందికి బకాయిలు చేతికొచ్చేసరికి 2022 అయింది. 417 రూపాయలకే అంత పోరాడాల్సి వచ్చింది!

ఆంధ్రాకు పోతాయన్న భయం మాత్రం నిజమైనదే. అందుకే రాష్ట్రాలన్నిటికీ కలిపి గట్టి కనీస స్థాయి ఉండాలి. 2019 వేతనాల కోడ్‌లో కేంద్రానికి ఆ అధికారం ఉంది. ఇంతకుముందు కేంద్రం పెట్టిన 178 రూపాయల దినకూలీ లాంటి అంకె పెట్టి వదిలేస్తే లాభం లేదు.

బొమ్మనహళ్లి వదిన:
ఇంకో టెన్షన్ ఉంది. ఈఎస్ఐకి, అంటే కార్మికుల ఆరోగ్య బీమాకి, జీతం పరిమితి 2017 నుంచి నెలకు 21,000. దాన్ని అలాగే ఉంచి జీతం 23 వేలు దాటిస్తే ఆసుపత్రి కార్డు పోతుంది. కాన్పులు, ఆపరేషన్లు అన్నీ మనకు ఈఎస్ఐలోనే కదా. రెండూ కలిపి పెంచాలి.

పీణ్యా జాబ్‌వర్క్:
ఈఎస్ఐ సంగతి ఒప్పుకుంటాను. రెండు మూడేళ్లలో విడతలుగా పెంచితే నేనూ ఇస్తాను. కానీ పీస్ రేటులో కూలీ వాటా ఎంతో ఆర్డర్ కాగితంలోనే విడిగా రాయాలి. దాని మీద బేరం ఉండకూడదు.

బొమ్మనహళ్లి వదిన:
విడతలకు నేనూ సరే అంటాను అన్నా, తేదీలు జీవోలోనే ఉంటే. మధ్యలో డీఏ మాత్రం ఒక్క నెల కూడా ఆపకూడదు.