పరిశోధనా సంస్థలు పెడితే పోటీలో నెగ్గుతామా?

గడ్డిపరక: వర్ధమాన దేశం ఎగుమతుల్లో పోటీపడాలంటే ముందు విధాన పరిశోధనకు మంచి సంస్థ ఉండాలంటారు. నాకు నమ్మకం లేదు. దక్షిణ కొరియాకు ఉక్కు కర్మాగారం గిట్టుబాటు కాదని 1960ల చివర్లో ప్రపంచబ్యాంకు నిపుణులు తేల్చేశారు. దాంతో అప్పు పుట్టలేదు. వలస పాలనకు గాను జపాన్ ఇచ్చిన పరిహారం డబ్బు పెట్టి పోహాంగ్‌లో కట్టుకున్నారు, 1973లో ఉత్పత్తి మొదలైంది. అదే ఇవాళ్టి ఉక్కు కంపెనీ పోస్కో. ఆ నివేదిక విని ఊరుకుంటే?

లెక్కల మాస్టారు: అదే కొరియా 1971లో ఆర్థిక విధాన పరిశోధనకు కొరియా డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిందండీ. అమెరికాలో పీహెచ్‌డీ చేసినవాళ్లను మంచి జీతాలిచ్చి వెనక్కి పిలిపించుకుంది. బయటివాళ్ల లెక్క తప్పితే మన లెక్క మనం వేసుకోవాలి గానీ, అసలు లెక్కే వద్దంటే ఎలా?

గడ్డిపరక: మరి 1973లో భారీ, రసాయన పరిశ్రమల పథకాన్ని నడిపిందెవరు మాస్టారూ? ఆ ఇన్‌స్టిట్యూట్ ఆర్థికవేత్తలు కాదు. అధ్యక్ష భవనంలో కూర్చున్న ఓహ్ వన్-చోల్ లాంటి ఇంజనీర్లు.

లెక్కల మాస్టారు: ఒప్పుకుంటాను. కానీ ధరలు మండిపోయి 1979లో ధరల స్థిరీకరణకు దిగాల్సి వచ్చినప్పుడు, ఆ పెట్టుబడులు తగ్గించాలని వాదించినవాళ్లలో ఇన్‌స్టిట్యూట్ వాళ్లున్నారు.

సూదీదారం: మీరిద్దరూ ఉక్కు దగ్గరే ఆగిపోయారు. నేను పన్నెండేళ్లు గార్మెంట్స్ ఎగుమతుల్లో డాక్యుమెంట్లు చూశాను. 1979లో బంగ్లాదేశ్‌లోని దేశ్ గార్మెంట్స్ 130 మందిని కొరియాలోని డేవూ ఫ్యాక్టరీకి శిక్షణకు పంపిందని అందరూ చెబుతారు. అది ముఖ్యమే. కానీ ఆ పరిశ్రమను నిలబెట్టినవి రెండు ఏర్పాట్లు. మొదటిది బాండెడ్ వేర్‌హౌస్: ఎగుమతికి కుట్టే బట్టను సుంకం కట్టకుండా తెచ్చి గోదాములో పెట్టుకోవచ్చు. రెండోది బ్యాక్-టు-బ్యాక్ ఎల్‌సీ (ఎల్‌సీ అంటే సరుకు పంపితే డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం): విదేశీ కొనుగోలుదారు తెరిచిన ఎల్‌సీని చూపించి, దాని మీదే బట్ట కొనడానికి ఇంకో ఎల్‌సీ తెరిపించుకోవచ్చు. చేతిలో పెద్దగా పెట్టుబడి లేనివాడు కూడా ఆర్డర్ పట్టగలిగాడు. డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుందో తెలిసినవాడికే ఇలాంటిది తడుతుంది. మా ఆఫీసుకు ఒకసారి సర్వే వాళ్లు వచ్చారు. నలభై పేజీల ప్రశ్నావళి! పోర్టులో సరుకు ఎన్ని రోజులు ఆగిందన్న ప్రశ్న మాత్రం లేదు.

లెక్కల మాస్టారు: ఏ దేశంలో వ్యాపారం ఎంత సులువో చెప్పే ప్రపంచబ్యాంకు డూయింగ్ బిజినెస్ నివేదిక ఆ రోజులు లెక్కపెట్టేది కదమ్మా.

గడ్డిపరక: అంకెల్లో అవకతవకలు బయటపడి 2021లో మూసేసిన నివేదికేగా!

సూదీదారం: మూతపడక ముందు కూడా దాంతో నాకు పేచీయే. ఊహించుకున్న ఒక నమూనా కంపెనీ గురించి లాయర్లనీ, సరుకు రవాణా చూసే ఫార్వర్డింగ్ ఏజెంట్లనీ అడిగేవారు. నిజంగా ఏ కంటైనర్ ఎన్నాళ్లు ఆగిందో దాంట్లో ఎలా తెలుస్తుంది? సరుకు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు వదిలారు అన్నది కస్టమ్స్ కంప్యూటర్లలోనే ఉంటుంది. పేర్లు తీసేసి ఆ డేటాను పరిశోధకులకు ఇస్తే చాలు, ఎవర్నీ అడగక్కర్లేదు.

గడ్డిపరక: అది ఇప్పించండి, నా మాట వెనక్కి తీసుకుంటాను. కస్టమ్స్ వాళ్లు ఇస్తారంటారా?

లెక్కల మాస్టారు: ఆర్థిక మంత్రి అడిగితే ఇస్తారు. కొరియా ఇన్‌స్టిట్యూట్‌కు ఉన్న బలం అదే, అధ్యక్షుడి అండ.

గడ్డిపరక: అంటే సంస్థ కన్నా ముందు అడిగే మంత్రి కావాలన్నమాట. నేను మొదట్నుంచీ అంటున్నదీ దాదాపు అదే కదా!